కూర్మమ్మ తిట్లు, సాదా పెట్రోలు

రాజాం కూర్మమ్మ తిట్లకి తొంభైమూడు ఆక్టేన్ ఉండేది. ఇది ఉత్తమాట కాదు. చుక్క పెట్రోలు లేని కారుని, వెనక సీట్లో కూర్చుని, ఉత్త నోటితో సీతంపేట ఘాటీ ఎక్కించిన మనిషి ఆవిడ. ఆ వేళ ఆవిడ తిట్టు తగిలి దారి పక్కనున్న ఎండుమోడు చిగిర్చిందనీ, ఎదురొచ్చిన లారీ తనంతట తానే వెనక్కి నడిచి దారిచ్చిందనీ చెప్పేవాళ్ళున్నారు. మోడు సంగతీ లారీ సంగతీ కాస్త అటూ ఇటూ కావచ్చు. కారు సంగతి మాత్రం రాజాం సంతలో ఎవర్ని నిలబెట్టి అడిగినా ఒకటే చెబుతారు.

కూర్మమ్మ పుట్టింది శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున. ఏటికి ఇవతల నిలబడి ఆవిడ ఒక్క కేక వేస్తే, అవతల గట్టున మేస్తున్న ఆవు మేత వదిలేసి ఈదుకుంటూ వచ్చేదట. ఏరు పొంగి ఉంటే ఆవు కాస్త ఆలస్యంగా వచ్చేదట, అంతే తేడా. అలాంటి గొంతుని మేనమామ అప్పలసూరికి కట్టబెట్టి రాజాం పంపేశారు. ఆ ఏడాది వంశధార ఒడ్డున పిట్టలు కూడా నిమ్మళంగా నిద్రపోయాయని అంటారు.

అప్పలసూరి నెమ్మదైన మనిషి. ఎవరితోనూ తగువు పడడు, గట్టిగా మాట్లాడడు. ఎవరేం చెప్పినా తల ఊపుతాడు, నవ్వుతాడు, ఆ తర్వాత తాను అనుకున్నదే చేస్తాడు. కూర్మమ్మకి దేవుడిచ్చిన చిరాకంతా ఆ నవ్వు మీదే ఖర్చయిపోయేది. తిరిగి ఒక మాటంటే బాగుండునని ఎదురుచూసేది. అతను అనేవాడు కాదు.

అతనికి ఎడ్లబండి ఉండేది. రాముడు, గంగులు అని రెండెడ్లు. చుట్టుపక్కల పల్లెల నుంచి ధాన్యం బస్తాలు వేసుకుని రాజాం మిల్లులకి తోలేవాడు. ఆ వైపు బండివాళ్ళకి ఒక పద్ధతి ఉంది. చదునుదారిలో ఎడ్లకి ఎండుగడ్డితో సరిపెడతారు. మిట్ట వచ్చిందంటే, దాని మొదట్లో కాడి దింపి, నానబెట్టిన ఉలవలు పెట్టి, మెడలు నిమిరి, మేత కడుపులో కుదురుకునేదాకా ఆగి, అప్పుడు ఎక్కిస్తారు. అప్పలసూరికి ఈ పద్ధతి మీద ఉన్న గురి ఏ దేవుడి మీదా లేదు.

"ఒక పూట గడ్డి, ఒక పూట ఉలవలు అయితే పశువుకి కడుపుబ్బరం వస్తాది మావా," అని కూర్మమ్మ మొత్తుకునేది. "రోజూ ఒక్కలాగే కుడితి పెట్టు. మిట్టయినా ఎక్కుతాది, పల్లమయినా దిగుతాది."

అప్పలసూరి నవ్వేవాడు. ఉలవలు నానబెట్టేవాడు.

లారీలు పెరిగాయి. బండి మీద బస్తాలు పంపేవాళ్ళు తగ్గారు. రాముడు ముసలిదై చచ్చిపోయింది. ఒంటరిదైపోయిన గంగుల్ని అప్పలసూరి ఒకనాడు సంతకి తోలుకెళ్ళి, సాయంత్రానికి దాని బదులు కారుతో వచ్చాడు. ఒక మిల్లు ఆసామి వాడి వదిలేసిన నల్లటి పాత కారు. పంతొమ్మిది వందల అరవై ఆరో సంవత్సరం అది. కూర్మమ్మ పేడచేతులతోనే సాలలోంచి బయటికొచ్చి చూసింది. ఎద్దుని అమ్మేటప్పుడు ఆవిణ్ణి అడగలేదు, కారు కొనేటప్పుడూ అడగలేదు.

"దీని పేరు గంగులు," అన్నాడు అప్పలసూరి, కారు నుదురు నిమురుతూ.

"దానికి కొమ్ములేవి," అంది కూర్మమ్మ.

"హారనున్నాది."

ఆవిడ ఆ పూట వంట చెయ్యలేదు.

అలా అప్పలసూరి కిరాయి కారు తోలడం మొదలుపెట్టాడు. స్టీరింగు తిప్పడం బాగానే పట్టుబడింది. కానీ బుద్ధి ఇంకా ఎడ్లబండి మీదే ఉంది. కారుని రాత్రిళ్ళు సాలలోనే కట్టేవాడు. అంటే నిజంగానే, ముందు బంపరుకి పలుపు వేసి గుంజకి కట్టేవాడు. శీతాకాలంలో మీద గోనెపట్టా కప్పేవాడు. ఇంతవరకూ కూర్మమ్మ పళ్ళు నూరుకుని ఊరుకుంది. మేత దగ్గరికి వచ్చేసరికే గొడవ మొదలైంది.

పెట్రోల్లో రెండు రకాలున్నాయని అప్పలసూరికి ఎవరో చెప్పారు. రాజాం బంకులో దొరికేది సాదాది, దాని నంబరు ఎనభైమూడు. విశాఖపట్నంలో తొంభైమూడు నంబరుది కూడా దొరుకుతుంది, ఖరీదెక్కువ. ఆ నంబరునే ఆక్టేన్ అంటారట. ఆ మాట రాజాంలో ఎవరి నోటా తిరగలేదు గనక అందరూ నంబరే అనేవాళ్ళు. అప్పలసూరికి ఇంక ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. తొంభైమూడంటే ఉలవలు. విశాఖపట్నం వెళ్ళే లారీవాళ్ళని బతిమాలి ఒక తగరపు డబ్బా నిండా అది తెప్పించి, సాలలో ఉలవలకుండ పక్కనే పెట్టుకున్నాడు. మిట్టలకి మాత్రమే అది. మరి చదునుదారికి గడ్డి కావాలి కదా. సాదా పెట్రోల్లో సగానికి సగం కిరసనాయిలు కలిపి, దాన్ని గడ్డి అన్నాడు.

గడ్డి తిన్న గంగులు నల్లటి పొగ వదిలేది. ఏ చిన్న ఎత్తు వచ్చినా ఇంజిన్లో ఎవరో సుత్తి పట్టుకుని కూర్చున్నట్టు టకటకటకమని కొట్టుకునేది. కిరాయికి ఎక్కినవాళ్ళు దిగాక బట్టలు మూడు ఉతుకులు ఉతికినా ఆ వాసన పోయేది కాదు. ఒక పెళ్ళికొడుకుని అందులో తీసుకెళితే, పెళ్ళికూతురు మొగుడు లాంతర్లు బాగుచేసేవాడు కాబోలు అనుకుందట.

బంకులో గుమస్తా నారాయణమూర్తి విజయనగరం మనిషి. ఒకరోజు మధ్యాహ్నం కూర్మమ్మ క్యారేజీలో అన్నం తెచ్చేసరికి అతను అప్పలసూరికి నచ్చచెబుతున్నాడు.

"సూరీ, ఇంజిన్లో పెట్రోలుని నొక్కి మండిస్తాది గదా, నీ పాత బండిలో ఆ నొక్కుడు తక్కువ. దీనికి మా ఎనబైమూడు సరిపోతాది. తొంబైమూడు గట్టిగా నొక్కీ కొత్త ఇంజిన్లకి. నీ బండికి అది పోసినా ఒరిగీదేటీ లేదు."

"మీ బంకులో ఎనబైమూడే ఉన్నాది కాబట్టి అదే గొప్పంటావు," అప్పలసూరి నవ్వాడు. "ఎనబైమూడు మార్కులొచ్చిన గుంటడూ, తొంబైమూడొచ్చిన గుంటడూ ఒకటేనేటి."

"అవి మార్కులు కాదురా బాబూ. ఏ బండికి ఏ నంబరో అదే పొయ్యాల. తక్కువది పోస్తే టకటకా కొట్టుకుంటాది. ఎక్కువది పోస్తే దండగ. నువ్వు కిరసనాయిలు కలిపి ఉన్న నంబరు దించీసి, మళ్ళీ విశాపట్నం నుంచి తెచ్చి ఎక్కిస్తన్నావు. ఎందుకొచ్చిన తిప్పలివి."

అప్పలసూరి తల ఊపాడు. ఆ ఊపు చూసి కూర్మమ్మకి క్యారేజీ అతని నెత్తిన బోర్లించాలనిపించింది. నొక్కుడూ నంబరూ ఆవిడకి అర్థం కాలేదు. ఏదీ కలపకుండా రోజూ ఒకటే పొయ్యమంటున్నాడన్నది మాత్రం అర్థమైంది. అది తాను ఇన్నేళ్ళుగా ఎడ్ల విషయంలో మొత్తుకుంటున్నదే. ఇంతకాలానికి తన పక్షాన మాట్లాడిన మగాడొకడు రాజాంలో దొరికాడు.

ఆ వారంలోనే ఒక సందెవేళ ఇంట్లో దీపం వెలగలేదు.

"ఏటి మావా, బుడ్డిలో చుక్క లేదు. లాంతర్లో లేదు. సీసా బోర్లించినా లేదు. ఇంట్లో కిరసనాయిలు ఏటైనాది."

"గంగులికి పోసినానే. రేపు తెస్తాను."

"రేపు తెచ్చిందీ దాని నోట్లోనే పోస్తావు. మనం సీకట్లో కూకుని గెంజి ముక్కులో పోసుకోవాల. అది టకటకా అనీది అందుకేనని ఆ బాబు సెప్పలేదేటి."

"టకటకా అంటే ఆకలే ఒసే. ఆకలేస్తే ఎద్దు గిట్టలు కొట్టదేటి."

కూర్మమ్మ చీకట్లోనే తలుపు చెక్కకి తల ఆనించి నిలబడిపోయింది. తిడదామంటే ఆ పూటకి తిట్లు అయిపోయాయి.

కిరాయిలు పల్చబడ్డాయి. పొగ తాగడానికి డబ్బిచ్చేవాళ్ళు ఎంతమంది దొరుకుతారు. ఈ కారు తిండి పెట్టకపోతే దాన్ని పాత ఇనుముకి అమ్మేసి మిల్లులో బస్తాలు మోస్తానని అప్పలసూరి నవ్వుతూనే అన్నాడు. అతని నడుము సంగతి కూర్మమ్మకి తెలుసు. రోజూ ఆముదం కాచి రాసేది ఆవిడే. ఒక్క బస్తా ఎత్తితే రెండో బస్తా ఎత్తడానికి మనిషి లేవడు.

అటువంటి రోజుల్లో మిషనాసుపత్రి నర్సు జ్ఞానసుందరి వాళ్ళ గుమ్మంలోకి వచ్చింది. కొంగు భుజం చుట్టూ బిగించి, నల్ల గొడుగు చంకన పెట్టుకున్న మనిషి. ఆసుపత్రి జీపు మూలపడిందనీ, ప్రతి బుధవారం కొండమీద పల్లెల్లో పిల్లలకి సూదిమందు వెయ్యడానికి కిరాయి బండి కావాలనీ చెప్పింది.

"మందు ఐసుపెట్టెలో ఉంటుంది. ఘాటీలో బండి ఆగిపోతే ఐసు కరిగిపోతుంది. కరిగితే మందు పారబోసుకోవడమే," అంది. "ఈ బుధవారం చూస్తాం. ఆగకుండా ఎక్కిందా, ఇక వారం వారం మీ బండే. ఆగిందా, చీపురుపల్లి నుంచి వేరే బండి వస్తుంది. నువ్వు కూడా తోడు రావాలి కూర్మమ్మా. డ్రైవరుతో ఒక్కదాన్నే వెళితే మా సంఘంలో పెద్దలు ఊరుకోరు."

"ఎక్కుతాదమ్మా," అన్నాడు అప్పలసూరి. "మిట్ట మొదట్లో ఉలవలు పెట్టీసి ఎక్కించీడమే."

నర్సు కూర్మమ్మ వైపు చూసింది. కూర్మమ్మ దూలం వైపు చూసింది.

మంగళవారం పొద్దున్న అప్పలసూరి కారు టాంకీలో కర్ర ముంచి చూసుకున్నాడు. కారులో పెట్రోలు ముల్లు ఏనాడో చచ్చిపోయింది, అన్నిటికీ కర్రే. ఘాటీ మొదలుదాకా సరిపోయేంత గడ్డి మాత్రం ఉంచాడు. అక్కడ ఆపి డబ్బాలో ఉలవలు, అంటే తొంభైమూడు, పొయ్యాలని లెక్క. గడ్డి పూర్తిగా అరిగాకే ఉలవలు పెడితే ఒంటికి పడతాయని అతని నమ్మకం. డబ్బాని గోనెలో చుట్టి డిక్కీలో పెట్టాడు. మధ్యాహ్నం బంకు పక్కన కారు నిలిపి, భార్య తెచ్చిన అన్నం తిని, మిల్లు అరుగు మీద నడుం వాల్చాడు.

అతని గురక కుదురుకునేదాకా కూర్మమ్మ కదల్లేదు. తర్వాత తిన్నగా నారాయణమూర్తి దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, దాని కడుపులో ఉన్నదంతా దించీ. మీ సాదాది నిండా పోసీ. రేపు సోళ్ళ బస్తా మీ ఇంటికి పంపిస్తాను."

"సూరికి తెలుసా."

"తెలిస్తే నవ్వుతాడు. ఆ నవ్వు సూళ్ళేను. బేగి కానీ."

నారాయణమూర్తి టాంకీ కింద మర విప్పి కంపు కొట్టే కలగలుపంతా ఒక డబ్బాలోకి దించేశాడు. మిషన్లు కడుక్కోవడానికి పనికొస్తుందన్నాడు. తర్వాత సాదా పెట్రోలు పొంగేదాకా పోశాడు.

"ఇది ఘాటీ ఎక్కుతాదా," అని అడిగింది కూర్మమ్మ.

"ఎక్కాల మరి."

"ఎక్కాలంటే ఎక్కుతాదనా, ఎక్కితే బాగుండుననా."

"ఎక్కుతాదమ్మా. నాను సెప్తన్నాను గదా."

చెబుతున్నాడు సరే. పోయినేడు వానలు బాగా పడతాయని చెప్పిందీ ఇతనే. అయినా కూర్మమ్మ డిక్కీలోంచి తొంభైమూడు డబ్బా తీసుకెళ్ళి సాలలో పడేసింది. అది ఉంటే మావ కలపకుండా ఉండలేడు. మర్నాడు వేకువనే లేచి, అదే మాదిరి డబ్బాలో రాగిపిండితో కాచిన చోడి అంబలి పోసి, మజ్జిగ కలిపి, అదే గోనెలో చుట్టి డిక్కీలో పెట్టింది. ముగ్గురికి దారిలో దాహానికి అదే ఆధారం.

బుధవారం గంగులు మొదటి తిప్పుకే లేచింది. పొగ లేదు. పాలకొండ దాటేదాకా ఒక్క టక్కు లేదు.

"సూసినావా, ఎక్కడికి ఎల్తన్నాదో దానికి తెల్సిపోనాది," అప్పలసూరి మురిసిపోయాడు. "గడ్డి తిని ఇలగుంటే, ఉలవలు తింటే ఎలగుంటాదో."

కూర్మమ్మ నోరు మూసుకుంది. ఆవిడ జన్మలో చేసిన త్యాగాలన్నీ ఒక ఎత్తు, ఆ పావుగంట ఒక ఎత్తు. ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకున్న జ్ఞానసుందరి ఆవిడ చెమటలు చూసి, కారు ప్రయాణం పడదు కాబోలనుకుంది.

ఘాటీ మొదట్లో అప్పలసూరి కారు ఆపి దిగాడు. బోనెట్టు తెరిచి తువ్వాలుతో ఇంజినుకి గాలి విసిరాడు. బంపరు నిమిరాడు. డిక్కీలోంచి గోనె తీశాడు.

"ఎందుకు ఆపావు," అంది జ్ఞానసుందరి.

"మేతకమ్మా."

అతను టాంకీ నోట్లో గరాటు పెట్టి, డబ్బా మూత తీసి, వంచబోయి ఆగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వేలు ముంచి నాకాడు.

"ఇదేటి."

"అంబలి," అంది కూర్మమ్మ కిటికీలోంచి.

"అంబలేటి."

"సోడి అంబలి. ఉల్లిపాయ కూడా ఏసినాను. అది మనుషులు తాగీది మావా, గరాటు తియ్యి."

"మరి ఉలవలేవీ."

"సాలలో ఉన్నాయి."

అప్పలసూరి మొహంలో నవ్వు మొదటిసారి ఆరిపోయింది. "కూర్మీ, టాంకీలో సుక్క ఉండదే. కర్ర పెట్టి సూసినాను. ఇక్కడి దాకానే ఉంచినాను."

టాంకీలో సాదా పెట్రోలు నిండా ఉందని చెబుదామని కూర్మమ్మ నోరు తెరిచింది. కానీ అతని సంగతి ఆవిడకి తెలుసు. సాదాది మిట్ట ఎక్కదంటాడు, నవ్వుతాడు, తొంభైమూడు కోసం కారు వెనక్కి తిప్పుతాడు. ఇంటికెళ్ళి వచ్చేసరికి ఐసు నీళ్ళైపోతుంది. వెనక సీట్లో తన పక్కనే నర్సు అప్పుడే పెట్టె మూత తడిమి చూసుకుంటోంది. అందుకని కూర్మమ్మ చెప్పలేదు. తిట్టింది.

"ఎక్కి కూకో. బండి తియ్యి. నీ ఉలవలు మండిపోను, నీ గడ్డి మండిపోను, ఎద్దుకీ ఇనుముకీ తేడా తెలీని మనిషికి నన్నిచ్చి సేసిన మా అయ్యని అనాల. తీస్తావా, దిగి నన్ను తొయ్యమంటావా."

ఆ గొంతు వినగానే అప్పలసూరి డబ్బాని వెనక సీటు వెనక అద్దం దగ్గర పెట్టేశాడు, కాళ్ళు వాటంతటవే నడిచాయి. కారు లేచింది. మలుపు ఎక్కింది. కూర్మమ్మ ఆపలేదు. ఆపితే ఇంజిను చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడులో టకటక వినపడుతుందేమోనని ఆవిడ భయం. అతని తాతల్ని తిట్టింది, విశాఖపట్నాన్ని తిట్టింది, ఎద్దు గంగుల్ని సంతలో కొన్న మనిషిని తిట్టింది, కొండని అంత ఎత్తు చేసినవాణ్ణి తిట్టింది. అక్కడ జ్ఞానసుందరి ఒకసారి దగ్గింది. కూర్మమ్మ మళ్ళీ విశాఖపట్నానికి వచ్చేసింది.

సగం ఎత్తులో లారీ ఒకటి ఎదురొచ్చింది. అప్పలసూరి కారుని అంచుకి జరిపి, చీమలా నడిపించాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడు వెనకనించి టక్కుమంది. మళ్ళీ టక్కు.

కూర్మమ్మ గొంతు ఆగిపోయింది. కళ్ళముందు బస్తాల కింద వంగిన నడుము కనిపించింది.

"అది డబ్బా మూత," అంది జ్ఞానసుందరి, వెనక్కి తిరిగి చూసి. "అంబలి ఒలికిపోతోంది."

కూర్మమ్మ ఆగిన చోటినుంచే మళ్ళీ అందుకుంది. గంగులు ఆగలేదు. కొండమీద మొదటి పల్లె వచ్చేదాకా ఆవిడా ఆగలేదు.

పైన జ్ఞానసుందరి పెట్టె తెరిచి చూసింది. ఐసు గట్టిగానే ఉంది. "వచ్చే బుధవారం పెందరాళే రండి," అంది అప్పలసూరితో. తర్వాత కూర్మమ్మతో, "నువ్వూ రా. కాకపోతే వచ్చేటప్పుడు గొంతుకి కాస్త విశ్రాంతి ఇచ్చి రా," అంది. డబ్బా అడుగున మిగిలిన అంబలి ముగ్గురూ పంచుకున్నారు.

అప్పలసూరి తన గ్లాసు కింద పెట్టి, కర్ర తీసుకెళ్ళి టాంకీలో ముంచాడు. పైకి తీస్తే కర్ర పొడుగునా తడి. వాసన చూశాడు. కిరసనాయిలు లేదు, ఉలవలూ కాదు. కర్రని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. నవ్వలేదు. కర్ర తుడుచుకుని డిక్కీలో పెట్టేశాడు.

రాజాం వచ్చాక మాత్రం నవ్వు తిరిగొచ్చింది. టాంకీ ఎండిపోయిందనీ, కర్ర పొడిగా వచ్చిందనీ, తన పెళ్ళాం తిట్లతోనే బండి కొండెక్కిందనీ బంకు దగ్గర చెప్పింది అతనే. పెళ్ళాం ఎంచిన పెట్రోలుతో ఎక్కిందని ఒప్పుకోవడం కంటే, పెళ్ళాం నోరే పెట్రోలని చెప్పుకోవడం అతనికి తేలిక. నారాయణమూర్తి విన్నాడు, చోళ్ళ బస్తా గుర్తొచ్చి ఊరుకున్నాడు. సంతలో ఆ మాట చేతులు మారేకొద్దీ పెరిగింది. మోడు చిగిర్చింది, లారీ వెనక్కి నడిచింది.

ఆనాటి నుంచి ఇంట్లో లాంతరు వెలిగింది. గంగులు సాదా పెట్రోలు తప్ప వేరే ఎరగలేదు. తొంభైమూడు డబ్బా ఉలవలకుండ పక్కన అలాగే పడి ఉండి, ఒకనాడు మూత తీస్తే ఆవిరైపోయి సగమే మిగిలి ఉంది. అప్పలసూరి ఘాటీ మొదట్లో కారు ఆపి బంపరు నిమరడం మాత్రం మానలేదు. ఏమీ పొయ్యడం లేదు కదా అని కూర్మమ్మ ఆ నిమిషం వరకు సహించేది. ఆ తర్వాత ఒక్క క్షణం సహించేది కాదు.

రెండేళ్ళు తిరిగాక ఒక సంతరోజున భోగాపురం నుంచి జగన్నాధం అనే ఆసామి వాళ్ళ గుమ్మంలో దిగాడు. వెనక రెండు ఎడ్లు ఒక చచ్చిన వ్యానుని లాక్కొచ్చాయి. ఆ మనిషి తలపాగా విప్పి చేత్తో పట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు. "కూర్మమ్మగారు తమరేనా అమ్మా. మా బండి నెల్రోజులై లేవట్లేదు. ఒక్కపాలి తిట్టిపెడతారేటని వచ్చినాను. కొబ్బరికాయ కూడా తెచ్చినాను."

కూర్మమ్మ అంట్లు తోముతూ తలెత్తింది. వ్యానుని చూసింది, కొబ్బరికాయని చూసింది, సాల గుంజకి ఆనుకుని నవ్వుతున్న మొగుణ్ణి చూసింది. చేతిలో గిన్నె కింద పెట్టింది.

"తిట్లతో ఏ బండీ నడవదు బాబూ. ఆ రోజు టాంకీ నిండా పెట్రోలున్నాది. బంకులో దొరికీ సాదాది. నారాయణమూర్తి సేత నానే పోయించినాను. నాను తిట్టకపోయినా ఎక్కును."